సత్రం యజమాని వేషం వేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

వెనకబెంచీ
డిసెంబర్ 2, రాత్రి 9:14

నాకు తొమ్మిదేళ్లప్పుడు క్రిస్మస్ నాటకంలో సత్రం యజమాని వేషం ఇచ్చారు. ఇచ్చారు అనడం కన్నా మిగిలింది అనాలి. యోసేపు వేషానికి నా పొడుగు చాలలేదు, కాపరుల వేషాలు ముందు బెంచీల వాళ్లు పంచేసుకున్నారు, దేవదూతకి గొంతు బాగుండాలన్నారు. నాకున్నది ఒకే ఒక్క మాట. తలుపు తీసి "చోటు లేదు, వెళ్లండి" అని మళ్లీ వేసేయాలి. అట్టపెట్టెలు కోసి చేసిన తలుపు అది. వారం రోజులు ఇంట్లో అందరి మీదా అదే ప్రాక్టీసు. అక్క గదిలోకి వస్తే చోటు లేదు, నాన్న కుర్చీ దగ్గరికొస్తే చోటు లేదు.

ఆ సాయంత్రం ఎంత గట్టిగా అరిచానంటే, మరియ వేషం వేసిన చిన్నపిల్ల నిజంగానే ఏడ్చేసింది. జనం అది నటన అనుకుని చప్పట్లు కొట్టారు. అయిపోయాక పెద్దవాళ్లంతా "భలే చేశావురా" అని వీపు తట్టారు. ఆ పిల్ల మాత్రం ఆ తర్వాత నా వైపు చూడలేదు. తొట్టిలో పడుకోబెట్టిన బొమ్మ ఎలా ఉందో గుర్తులేదు, పాటలు గుర్తులేవు. ఆ తలుపు వేసిన చప్పుడు మాత్రం గుర్తుంది. అట్ట తలుపుకి చప్పుడేముంటుంది? అయినా నాకు వినిపిస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఈసారి పిల్లల నాటకం రాసే పని నా నెత్తిన పడింది. సరిగ్గా ఆ సీను దగ్గరే ఆగిపోయాను. మీ చిన్ననాటి క్రిస్మస్‌లో మీకు ఇప్పటికీ మిగిలి ఉన్నదేమిటి? పండుగ అర్థం అప్పుడే తెలిసిందా, పెద్దయ్యాకా? కాస్త చెప్పండి.


గొర్రెపిల్ల_2
డిసెంబర్ 2, రాత్రి 9:31

నేను వరుసగా మూడేళ్లు గొర్రెని. నాలుగో ఏడు ప్రమోషన్ వస్తుందనుకున్నా. ఆ దుప్పటి నాకు తప్ప ఇంకెవరికీ సరిపోదని మళ్లీ గొర్రెనే చేశారు. దుప్పటి నిండా దూది అంటించేవారు, అందులో సగం ముక్కులోకి పోయేది. దేవదూత "భయపడకుడి" అన్న ప్రతిసారీ నేను తుమ్మాను. లోతైన అర్థం అప్పుడైతే ఏమీ తెలియలేదన్నా.


రాత్రిడ్యూటీ
డిసెంబర్ 2, రాత్రి 11:52

మా అమ్మ నర్సు. నా చిన్నతనంలో డిసెంబర్ 24 రాత్రి ఆవిడకి సెలవు దొరికిన సందర్భం ఒక్కటీ లేదు. అందరి ఇళ్లలో తల్లులు పిల్లల జడలు వేస్తుంటే నాకు మా పెద్దమ్మ వేసేది, అదీ బిగించి బిగించి. అర్ధరాత్రి ఆరాధనలో కొవ్వొత్తి పట్టుకుని పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూస్తూ ఉండేదాన్ని. పొద్దున్న ఏడింటికి అమ్మ వచ్చేది. మందుల వాసన. నన్ను దగ్గరికి తీసుకుని, బహుమతి విప్పేలోపే కూర్చున్న చోటే నిద్రపోయేది. నాకు చాలా కోపంగా ఉండేది.

ఇప్పుడు నాది కూడా అదే పని. లూకా సువార్త రెండో అధ్యాయం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, ఒక సంవత్సరం వార్డులో కూర్చుని చదువుతుంటే ఒక మాట దగ్గర కళ్లు ఆగాయి. కాపరులు "రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా". అంటే వాళ్లు నైట్ డ్యూటీలో ఉన్నారు! గుడికి వెళ్లినవాళ్లకి కాదు, పండుగ చేసుకుంటున్నవాళ్లకి కాదు, డ్యూటీ వదిలి కదలడానికి లేనివాళ్లకి మొదట కబురు వచ్చింది. మంద దగ్గరికే వచ్చి చెప్పారు. మా అమ్మకి ఫోన్ చేసి ఇది చెబుదామని గడియారం చూస్తే తెల్లవారుజామున మూడయింది. అయినా చేశాను. రిటైరయి ఎన్నేళ్లయినా ఆవిడకి ఆ టైముకి మెలకువే.


నాలుగోకొవ్వొత్తి
డిసెంబర్ 3, ఉదయం 6:20

రాత్రిడ్యూటీ గారూ, పొద్దున్నే ఏడిపించారు.

వెనకబెంచీ గారికి ఒక మాట. మీరు వేసిన ఆ వేషం బైబిల్లో లేదండీ. లూకా సువార్త తీసి చూడండి. సత్రం యజమాని లేడు. తలుపు తట్టడం లేదు. "వెళ్లండి" అన్నవాడు అసలే లేడు. ఉన్నదల్లా ఒక్క వాక్యం: స్థలం లేనందున బిడ్డను పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. అంతే. మిగతాదంతా నాటకాలు రాసేవాళ్లు కల్పించింది. (అంటే రేపు మీరు కూడా.)

ఇంకోటి. వాళ్లు ఆ రాత్రే ఊళ్లోకి వచ్చారని కూడా లేదు. "వారక్కడ ఉన్నప్పుడు" ప్రసవదినాలు నిండాయి అని ఉంది. నొప్పులు పడుతున్న మనిషిని గాడిద మీద ఎక్కించుకుని ఇంటింటికీ తిప్పడం మనం కట్టుకున్న సినిమా.


వెనకబెంచీ
డిసెంబర్ 3, ఉదయం 7:05

ఏంటండీ, యజమాని లేడా! ఇప్పుడే తీసి చూశాను. నిజమే, లేడు. ఇన్నేళ్లూ నేను ఎవరి వేషం వేసినట్టు?


అడ్డప్రశ్న
డిసెంబర్ 3, ఉదయం 10:40

నేను విశ్వాసిని కాదు, ముందే చెబుతున్నా. చిన్నప్పుడు మా ఇంటి పక్కవాళ్లు పాటలు పాడుతుంటే కిటికీ దగ్గర నిలబడి వినేవాణ్ణి, ఆ జ్ఞాపకం నాకు ఇష్టం. కానీ అర్థం, అర్థం అంటున్నారు గనుక అడుగుతున్నా. ఆ తేదీయే సువార్తల్లో లేదు కదా? రోమన్ల సూర్యుడి పండుగ మీద పేరు మార్చి అతికించారని చదివాను. క్రీస్తుశకం లెక్క కూడా తప్పంటారు. పునాదే ఇలా ఉంటే దాని మీద లోతేమిటి?


(ఇక్కడ రెండు పోస్టులు తొలగించాం. ప్రశ్న అడిగినందుకు మనిషిని తిట్టడం ఈ వేదికలో కుదరదు. తేదీ గురించి తెలిసినవాళ్లు తేదీ గురించి రాయండి. – నిర్వాహకుడు)


లేఖనవిద్యార్థి
డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:15

అడ్డప్రశ్న గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే, దాచాల్సింది ఏమీ లేదు. తేదీ సువార్తల్లో లేదు. డిసెంబర్ 25 అని స్పష్టంగా కనిపించే పాత ఆధారం 354 నాటి ఒక రోమన్ పంచాంగ సంకలనం. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితుల అంచనా. 274లో అరేలియన్ చక్రవర్తి సూర్యదేవుడికి గుడి కట్టించి ఆ ఆరాధనకి పెద్దపీట వేశాడు కాబట్టి, దాన్నుంచే పండుగ తేదీ వచ్చిందని ఒక వాదం. ఇంకో వాదం కూడా ఉంది. యేసు చనిపోయింది మార్చి 25న, గర్భంలో పడిందీ అదే తేదీన అని కొందరు తొలి క్రైస్తవులు నమ్మేవారు. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబర్ 25. రెండింట్లో ఏది నిజమో ఇంకా తేలలేదు. నాకైతే రెండోదే నమ్మబుద్ధవుతుంది, కానీ దానికోసం ఎవరితోనూ గొడవపడను.

సంవత్సరం సంగతి: క్రీస్తుశకం లెక్క కట్టింది 525లో డయొనీసియస్ ఎక్సిగస్ అనే సన్యాసి. హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. మత్తయి ప్రకారం యేసు పుట్టేనాటికి హేరోదు బతికే ఉన్నాడు. అంటే క్రీస్తు పుట్టింది క్రీస్తుపూర్వం! నవ్వొచ్చినా అదే లెక్క. ఇంతెందుకు, జూలియన్ క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ సంఘాలకి పండుగ మన జనవరి 7న వస్తుంది. ఆర్మేనియన్ సంఘం జనవరి 6న చేస్తుంది. వాళ్లెవరూ తప్పు రోజున పుట్టినరోజు చేస్తున్నామని బాధపడరు.

పునాది తేదీ మీద లేదండీ. దేవుడు మనిషయ్యాడు అన్న మాట మీద ఉంది. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ వాదించాల్సింది దాని మీద, క్యాలెండర్ మీద కాదు.

ఇక అసలు నేను రాయాలనుకున్నది సత్రం గురించి. మన తెలుగు బైబిల్లో "సత్రము" అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట "కటలూమ". ఇదే మాట లూకాలో ఇంకోచోట కూడా వస్తుంది. చివరి రాత్రి భోజనానికి శిష్యులు అడిగిన గది. అక్కడ మన అనువాదకులు "విడిది గది" అన్నారు! నిజంగా డబ్బులు తీసుకుని దిగనిచ్చే చోటు కూడా లూకాలో ఉంది, మంచి సమరయుడి కథలో. దానికి గ్రీకు మాట వేరు, తెలుగులో దాన్ని "పూటకూళ్లవాని యిల్లు" అన్నారు. అంత చక్కటి మాటలు రెండు చేతిలో ఉండి, రెండో అధ్యాయంలో మాత్రం సత్రం అన్నారు. అక్కడ కూడా "విడిది గదిలో చోటు లేనందున" అని పడి ఉంటే మన నాటకాలన్నీ వేరేగా ఉండేవి.

ఆ కాలపు సామాన్యుల ఇళ్లు చాలావరకు ఒకే పెద్ద గది. ఒక పక్క కాస్త పల్లంగా ఉన్నచోట రాత్రిళ్లు పశువులు, మెట్టెక్కితే మనుషులు, తొట్లు ఆ అంచున. చుట్టాలు దిగే గది నిండిపోయింది కాబట్టి ఇంటివాళ్ల మధ్యే కాన్పు జరిగి, బిడ్డని తొట్టిలో పడుకోబెట్టారని చాలామంది పండితులు ఇప్పుడు అంటున్నారు. యోసేపు పూర్వికుల ఊరే కదా బేత్లెహేము. రెండో శతాబ్దం నుంచి గుహ అనే సంప్రదాయం కూడా ఉంది, బేత్లెహేములో గుహ మీదే చర్చి కట్టారు. ఏదైనా సరే, తరిమేసినవాడు మాత్రం కథలో లేడు.


గొర్రెపిల్ల_2
డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:40

అయితే వెనకబెంచీ అన్న నిర్దోషి. కేసు కొట్టేశారు.


వెనకబెంచీ
డిసెంబర్ 3, రాత్రి 10:02

నిర్దోషి అన్నా హాయిగా లేదురా తమ్ముడూ. యజమాని ఉంటే ఒక సుఖం ఉంది. తప్పు వాడిది. వాడు లేకపోతే ఇక ఎవరిదీ తప్పు కాదు, ఇల్లు నిండిపోయింది, సర్దుకున్నారు, అంతే. ఆలోచిస్తే ఇదే ఎక్కువ నిజంలా ఉంది. నేనెప్పుడూ ఎవరినీ "పో" అనలేదు. "ఈ వారం ఖాళీ లేదు" అన్నాను, చాలాసార్లు.


మౌనపాఠకురాలు
డిసెంబర్ 4, రాత్రి 1:17

మూడేళ్లుగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

నాకు పదకొండేళ్లప్పుడు డిసెంబర్ 19న మా తమ్ముడు పోయాడు. వాడికి ఆరేళ్లు. ఇంటి ముందు కట్టిన తార అలాగే ఉంది, తియ్యాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం కాగానే ఎవరో అలవాటుగా స్విచ్ వేసేవారు. చావు ఇంటి మీద తార వెలుగుతూ ఉండటం నాకు ఎంత అసహ్యంగా అనిపించేదో చెప్పలేను. ఆ తర్వాత చాలా ఏళ్లు డిసెంబర్ అంటేనే టెన్షన్. అందరూ ఆనందించాలని ఒక ఆర్డర్ ఉన్నట్టు ఉంటుంది కదా ఈ నెలలో.

నన్ను మళ్లీ ఈ పండుగ దగ్గరికి తెచ్చింది పాటలు కాదు, ప్రసంగాలు కాదు. క్రిస్మస్ కార్డుల మీద ఎవరూ వేయని భాగం. మత్తయి రెండో అధ్యాయంలో తారను చూసి వచ్చిన జ్ఞానులు వెళ్లిపోయాక ఏమవుతుందో చూడండి. హేరోదు రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపిస్తాడు. పాత ప్రవక్త మాటల్లోని తల్లి రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పు వద్దంటుంది. ఆ మాట చదివినప్పుడు మా అమ్మ కనిపించింది. ఓదార్పు వద్దన్న తల్లిని సువార్త అలాగే వదిలేసింది, మందలించలేదు, పాఠం చెప్పలేదు. యేసు పుట్టుక కథలోనే ఆమెకి చోటు ఉంది. బిడ్డను ఎత్తుకుని మరియ యోసేపులు రాత్రికి రాత్రి ఐగుప్తుకి పారిపోయారు, వాళ్లదీ సుఖమైన కథేం కాదు. లూకాలో కూడా ముసలి సుమెయోను బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఆశీర్వదిస్తూనే, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని ఆ తల్లితో అంటాడు.

ఇది నాకు పండుగ. మిగతా వాళ్లకి ఇలా ఉండక్కర్లేదు.


నాలుగోకొవ్వొత్తి
డిసెంబర్ 4, ఉదయం 6:05

చెల్లీ, రాసినందుకు థాంక్స్. దీని కింద నేనేమీ రాయను.


అడ్డప్రశ్న
డిసెంబర్ 4, ఉదయం 9:30

నేను కూడా. తేదీ గురించి నిన్న అడిగినదానికి జవాబు దొరికింది, లేఖనవిద్యార్థి గారికి ధన్యవాదాలు. నమ్మకం మారలేదు, కానీ ఈ థ్రెడ్ వదలను.


పాతతార
డిసెంబర్ 4, మధ్యాహ్నం 12:48

నేను బేత్లెహేము వెళ్లొచ్చాను. లేఖనవిద్యార్థి గారు చర్చి అన్నారు కాబట్టి చెబుతున్నా. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో కట్టించిందే మొదటిది, ఇప్పుడున్న కట్టడం ప్రధానంగా ఆరో శతాబ్దం నాటిది. అంత పెద్ద చర్చికి ద్వారం ఎత్తు ఎంతో తెలుసా? సుమారు 1.2 మీటర్లు. పాత పెద్ద ద్వారాన్ని రాళ్లతో మూసుకుంటూ మూసుకుంటూ వచ్చి ఆ చిన్న కంత మిగిల్చారు. గుర్రాల మీద ఎవరూ లోపలికి దూసుకురాకుండా అలా చేశారని చెబుతారు. వినయ ద్వారం అని పేరు. నడుము వంచకుండా పెద్దవాడెవడూ లోపలికి పోలేడు.

నేను తల తగిలించుకున్నాను, అది వేరే సంగతి. నా వెనక ఒక పిల్ల ఉంది, ఐదేళ్లుంటాయేమో. అది వంగనే లేదు. నిటారుగా, చేతిలో బొమ్మ ఊపుకుంటూ నడిచి వెళ్లిపోయింది. మా గుంపులో ఒక పెద్దాయన అది చూసి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు.


లేఖనవిద్యార్థి
డిసెంబర్ 4, సాయంత్రం 5:33

పాతతార గారి ద్వారం చదివాక పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట గుర్తొచ్చింది. క్రీస్తు "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను". రిక్తహస్తాలు అంటాం చూడండి, అదే రిక్తం. ఉన్నదంతా ఖాళీ చేసుకుని వచ్చాడని. వచ్చింది కూడా బీద ఇంట్లోకే. బిడ్డ పుట్టాక దేవాలయంలో అర్పణగా గువ్వల జతో రెండు పావురపు పిల్లలో అని లూకా రాశాడు. లేవీయకాండం ప్రకారం గొర్రెపిల్లను తేలేనివాళ్లకి ఇచ్చిన వెసులుబాటు అది.

యోహాను సువార్తలో పశువుల తొట్టి లేదు, కాపరులు లేరు, ఒకే వాక్యంలో క్రిస్మస్ అంతా చెప్పేశాడు, వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను అని. నివసించెను అన్నచోట గ్రీకులో ఉన్నది గుడారం వేసుకున్నాడు అనే మాట. నన్నడిగితే దాన్ని "విడిది చేశాడు" అంటాను. విడిది గదిలో చోటు లేనివాడు మన మధ్య విడిది చేశాడు. గ్రీకులో ఈ రెండూ వేరువేరు మాటలు, తెలుగులో మాత్రం భలే కలుస్తాయి. ఇది వ్యాఖ్యానం కాదు, నా సరదా.


గొర్రెపిల్ల_2
డిసెంబర్ 4, సాయంత్రం 6:10

"గొర్రెపిల్లను తేలేనివాళ్లకి" అన్నచోట నేను నొచ్చుకున్నాను. నేనున్నాగా.


వెనకబెంచీ
డిసెంబర్ 11, రాత్రి 9:50

వారం నుంచి రిహార్సల్స్, అందుకే రాలేదు. రెండు కబుర్లు.

మొదటిది. ఈ థ్రెడ్ అంతా మా అక్కకి చదివి వినిపించాను. అక్క కాసేపు ఆగి, "ఆ పిల్ల ఏడ్చింది నీ అరుపుకి కాదురా. తల మీద ముసుగుకి నేనే పిన్నీసు పెట్టాను, అది ఊడి చెవికి గుచ్చుకుంది. లోపలికి వచ్చాక నేనే తీశాను" అంది. ఇన్నేళ్లూ చెప్పలేదేమే అంటే, నువ్వు అడగలేదుగా అంది. యజమానీ కల్పితమే, నా పాపమూ కల్పితమే! సంతోషించాలో, ముప్పై ఏళ్ల బాధ వృథా అయిందని ఏడవాలో అర్థం కాలేదు.

రెండోది నాటకం. సత్రం తీసేశాను. ఒక ఇల్లు, నిండా చుట్టాలు. పిల్లలకి ఇదే నచ్చింది, ఎందుకంటే వేషం దొరకని పద్నాలుగు మందీ చుట్టాలైపోయారు. ఒక ముసలమ్మ "ఇటు జరగండర్రా" అంటుంది, అందరూ జరుగుతారు, తొట్టి ఖాళీ చేస్తారు. అంతే సీను. రాత్రిడ్యూటీ గారి మాట ఒకటి కాపరుల నోట పెట్టాను, అనుమతి ఇప్పుడడుగుతున్నాను. హేరోదును పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించి, చివర్లో యోసేపు మూట కట్టుకుని "లేవండి, చీకటి ఉండగానే వెళ్లాలి" అనే దగ్గర ఆపాను. పెద్దవాళ్లకి అర్థమవుతుంది.

గొడవల్లా మా అమ్మాయితో. దానికి గాడిద వేషం కావాలి. లూకాలో గాడిద లేదమ్మా అన్నాను. ఒప్పుకోదు.


లేఖనవిద్యార్థి
డిసెంబర్ 11, రాత్రి 10:15

పాప వైపు న్యాయం ఉంది. ఎద్దు తన కామందును, గాడిద సొంతవాడి దొడ్డిని ఎరుగును అని యెషయా మొదటి అధ్యాయంలో ఉంది. దాన్ని పట్టుకునే తొలినాళ్ల నుంచి చిత్రకారులు తొట్టి పక్కన ఆ రెండింటినీ వేస్తూ వచ్చారు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇటలీలో గ్రెచ్చో అనే చోట తొట్టిలో గడ్డి పరిచి క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించినప్పుడు నిజమైన ఎద్దునీ గాడిదనీ తెప్పించి కట్టించాడు. గాడిదకి 800 ఏళ్ల పైన సర్వీసు ఉంది. ఇచ్చేయండి.


రాత్రిడ్యూటీ
డిసెంబర్ 12, ఉదయం 7:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. మాట వాడుకోండి అన్నా, అనుమతి ఎందుకు. 24 రాత్రి నాకు మళ్లీ డ్యూటీయే, నాటకం వీడియో తీసి పెట్టండి. అమ్మ కూడా చూస్తానంది.


వెనకబెంచీ
డిసెంబర్ 12, రాత్రి 8:22

తప్పకుండా తీస్తానమ్మా. గాడిద ఖాయమైంది, దూది వద్దని ముందే చెప్పేశాను.

తలుపు మాత్రం ఉంచాం. కొత్త అట్ట తెచ్చి, పాతతార గారు చెప్పిన కొలతకే కోశాను. గాడిద నిటారుగా దర్జాగా వెళ్లిపోతోంది. యోసేపు వేసే కుర్రాడు పొడుగు, రిహార్సల్లో రోజుకి నాలుగుసార్లు నుదురు కొట్టుకుంటున్నాడు. పై అంచుకి స్పాంజి అంటించాలి.